యాజమాన్యమా, ధర్మకర్తృత్వమా?

ఇంగ్లాండు దేశమున లాంకషైరు మండలమందు బ్లాక్‌బర్న్ అను పట్టణము గలదు. నూలుమిల్లులవలన పేరొందిన ఊరు. ఆ యూరి ఫుట్‌బాలు క్లబ్బునకు బ్లాక్‌బర్న్ రోవర్సు అని పేరు. 1875లో స్థాపితమై, 1888లో ఇంగ్లీషు లీగును నెలకొల్పిన పండ్రెండు క్లబ్బులలో నొకటియై, ఆ దేశపు ప్రథమ శ్రేణి విజేతృత్వమును మూడు పర్యాయములును, ఎఫ్.ఏ. కప్పును ఆఱు పర్యాయములును గెలిచిన ప్రాచీన సంఘమిది. ఈ క్లబ్బును 2010 నవంబరులో మన దేశీయులు కొనిరి. కొన్నది పూనా నగరమందలి వెంకటేశ్వర హేచరీస్ సంస్థ. దాని స్థాపకుడు కీర్తిశేషుడగు బండా వాసుదేవరావుగారు తెలుగువారు. హైదరాబాదు ప్రాంతముననే కోళ్ల పెంపకమునకు పూనుకొని, దేశమంతట ఆ పరిశ్రమను విస్తరింపజేసినవారు.

ఆ క్లబ్బు అభిమానులు నేడు కలిసికొన్నచోటనెల్ల ప్రస్తావించునది తమ పూర్వపు యజమానులను, పూర్వపు కార్యనిర్వాహకులను గూర్చియే. ఎవరు మేలు చేసిరి, ఎవరు కీడు చేసిరి, ఎవరిచేత అమ్మబడితిమి, ఎవరిని నమ్మి మోసపోతిమి అని వారు తర్కించుకొనుచున్నారు. పరదేశపు బంతియాట గొడవ మనకెందుకని పాఠకులలో కొంద ఱడుగవచ్చును. రెండు కారణములచేత మన కది కావలసియున్నది. కొన్నవారు మనవారగుట యొకటి. పదిమంది ప్రేమచే పెరిగిన వస్తువు ఒక్కని పట్టాలోనికి పోయినప్పుడు ఆ పదిమందికి మిగులు హక్కేమి యను ప్రశ్న అన్ని దేశములకును సమానమగుట రెండవది.

మొదట ఆ యూరికిని మనకును గల పాతబంధమును తలంచుకొందము. బ్లాక్‌బర్న్ మగ్గములమీద నేయబడిన బట్టలో అధికభాగము ఒకకాలమున హిందూదేశపు విపణికే వచ్చెడిది. మన చేనేతవారి ముంగిళ్లు పాడుపడుచుండగా ఆ యూరి పొగగొట్టములు లేచినవి. కాలచక్రము తిరిగినది. మన మిల్లులు పెరిగినవి, జపాను పోటీకి వచ్చినది, స్వదేశీవ్రతము వ్యాపించినది. లాంకషైరు కార్మికులు వేలకొలది పనిలేనివారైరి. 1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు బ్లాక్‌బర్నునకు పొరుగున నున్న డార్వెను పట్టణమునకు స్వయముగా పోయి, తన ఉద్యమముచే దెబ్బతిన్న ఆ కార్మికులనే కలిసికొనెను. వారు ఆయనను ఆదరముతో చుట్టుకొని నిలిచిన చిత్రము లోకప్రసిద్ధము. వారి కష్టమునకు ఆయన సంతసింపలేదు. మన పల్లెలందలి లేమిని వారికి తెలిపెను. వారి లేమిని తాను వినెను.

అట్టి కార్మికులకు మిగిలిన ఆనందము శనివారపు ఆటయే. 1883లో ఆ యూరిదే యగు బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అను మఱియొక జట్టు, నేతపనివారును మిల్లు కూలీలును గల జట్టు, ధనవంతుల బిడ్డలు చదువుకొను ఈటను పాఠశాల పూర్వవిద్యార్థుల జట్టును ఓడించి ఎఫ్.ఏ. కప్పును గెలిచెను. అంతవఱకు దొరల వినోదముగా నున్న ఆట ఆ దినముతో కూలివాని సొత్తైనది. కావున ఆ యూరివారు తమ క్లబ్బును వర్తకపు సరకుగా తలంపరు. తాతనాటి ఇంటిపేరుగా తలంతురు.

ఇక పూర్వపు యజమానుల మాట. ఆ యూరివారి నోట నిత్యము పలుకబడు పేరు జాకు వాకరు. 1929లో అక్కడనే పుట్టి, ఉక్కు వర్తకమున ధనమార్జించి, 1990 ప్రాంతమున ఆ వ్యాపారమును బ్రిటిషు స్టీలు సంస్థకు సుమారు 33 కోట్ల పౌండ్లకు విక్రయించి, 1991లో తన చిన్ననాటి క్లబ్బును స్వాధీనము చేసికొనినవాడు. అప్పుడు క్లబ్బు రెండవ శ్రేణిలో నుండెను. ఆయన కెన్నీ డాల్‌గ్లీషును మేనేజరుగా తెచ్చెను. 1992లో ఆలను షియరరును ఆ దేశమున అంతవఱకు ఎవరు నీయని వెల యిచ్చి కొనెను. ఈవుడ్ పార్కు మైదానమున మూడు ప్రక్కల కొత్త కట్టడములు లేపెను. 1995 మే 14న రోవర్సు లివర్‌పూలులో ఓడియు, అదే గంటలో మాంచెస్టరు యునైటెడు లండనులో గెలువలేకపోవుటచే, 81 ఏండ్ల తరువాత విజేతలైరి. లక్షకు కొంచెము మించిన జనాభాగల యూరికి అది యెట్టి పండుగయో ఊహింపవచ్చును. 2000 ఆగస్టులో వాకరు మరణించెను. ఆయన విగ్రహము నేడు మైదానము వెలుపల నిలిచియున్నది.

చచ్చినవాని కండ్లు చారెడని మనవారి సామెత. వాకరు విషయమునను ఆ సామెతను మఱువరాదు. విజేతృత్వమును డబ్బుతో కొన్నాడని ఆనాడే ఇతర క్లబ్బులవారు ఈసడించిరి. ఆయన జీవించినది జెర్సీ ద్వీపమున, లాంకషైరులో కాదు. ఆయన యుండగనే, 1999లో, క్లబ్బు రెండవ శ్రేణికి దిగజారెను. అభిమానులలో వివేకవంతులు ఇవన్నియు నొప్పుకొందురు. ఐనను ఆయన పేరు చెప్పునప్పుడు వారి కంఠము మాఱును. కారణమొక్కటే. ఆయన దూరమున నుండియు ఊరి మాట వినెను. ఏ వీథిలో నేమి యనుకొనుచున్నారో ఎఱిగియుండెను. దూరమున నుండుట దోషము కాదు, చెవిటితనము దోషము.

వాకరు తరువాత క్లబ్బును నడపినవారిలో జాను విలియమ్సు ముఖ్యుడు. పదేండ్లకు పైబడి అధికారియై, అధ్యక్షుడై, మితవ్యయముతో పని జరిపెను. 2001లో క్లబ్బు మరల ప్రథమ శ్రేణి కెక్కెను. 2002లో లీగు కప్పును గెలిచెను. 2006లో ఆఱవ స్థానమున నిలిచెను. విలియమ్సు ఆర్భాటము లేనివాడు. లెక్క చూచుకొని ఖర్చుపెట్టువాడు. ఆనాడు ఆయనను మెచ్చినవారు తక్కువ. ఆయన పోయినపిమ్మట విలువ తెలిసినది. మంచి కార్యనిర్వాహకుని గతి తఱచుగా నిట్టిదే.

ఇచ్చట న్యాయశాస్త్రమునకు సంబంధించిన సంగతి యొకటి గలదు. వాకరు మరణానంతరము క్లబ్బు ఆయన కుటుంబమునకై యేర్పడిన ట్రస్టు చేతిలో నుండెను. ట్రస్టు అను మాట వినగనే ఊరివారు ధైర్యముతో నిద్రించిరి. మన క్లబ్బును మనకొఱకు కాపాడుటకే వాకరు దీనిని ఏర్పఱచెనని వారి నమ్మకము. గాని చట్టము దృష్టిలో ట్రస్టీ ఎవరికి బద్ధుడు? ట్రస్టు పత్రములో ఫలభోక్తలుగా వ్రాయబడినవారికి బద్ధుడు. ఊరి పేరు ఫలభోక్తల పట్టికలో లేదు. నష్టము తెచ్చు ఆస్తిని ఎంతకాలమైనను ఉంచుకొనుమని చట్టము ట్రస్టీని కోరదు. అందుచేత వారు చాలకాలము కొనువారిని వెదకి, తుదకు 2010 నవంబరులో రెండు కోట్ల ముప్పది లక్షల పౌండ్లకు వాటాలను పూనా సంస్థ కమ్మివేసిరి. అప్పులు కొన్నవారి తలమీదికి పోయినవి. దీనిలో చట్టవిరుద్ధమేమియు లేదు. అభిమానులు నేడు కొన్నవారిని నిందించినంతగా అమ్మినవారిని నిందింపకుండుట మాకు వింతగా తోచుచున్నది. అమ్మునపుడు ఊరినడిగినవారు లేరు. అడుగవలసిన విధియు చట్టములో లేదు. ఆ లోపము అసలు వ్యాధి. తరువాత జరిగినదంతయు ఆ వ్యాధి లక్షణములే.

జరిగినదేమనగా: కొని నెలయైనను కాకమునుపే, 2010 డిసెంబరులో, పదమూడవ స్థానమున స్థిరముగా నున్న జట్టుయొక్క మేనేజరు సాము అలర్డైసును కొత్త యజమానులు తొలగించిరి. ఆయన క్రింద పనిచేయుచున్న స్టీవు కీను నియమితుడయ్యెను. లోకప్రసిద్ధుడగు బ్రెజిలు ఆటగాడు రొనాల్డీన్యోను తెచ్చెదమని పత్రికలలో మాటలు సాగినవి, ఆయన రాలేదు. 2011 ఫిబ్రవరిలో విలియమ్సు వెడలిపోయెను. పాత నిర్వాహకులలో ఇతరులును ఆ మార్గమే పట్టిరి. క్లబ్బు నెఱిగినవారు పోయిరి, ఎఱుగనివారు మిగిలిరి. ఆటగాండ్రు కోడిమాంసమారగించు ప్రకటనయొకటి దూరదర్శినిలో కనబడినది. 2012 మే 7న స్వంత మైదానములో విగను జట్టుచేత ఓడి, పదునొకండేండ్ల తరువాత రోవర్సు ప్రథమ శ్రేణినుండి జాఱిపడెను. ఆనాడు ఎవరో క్లబ్బు జెండా కప్పిన బ్రతికియున్న కోడిని మైదానములోనికి వదలిరి. లోకము నవ్వెను. ఆ యూరివారికి అది నవ్వు కాదు.

ఆ తరువాతి యేడు మఱింత శోచనీయము. ఒక్క క్రీడాకాలములో మేనేజర్లు వరుసగా మాఱిరి. వారిలో హెన్నింగు బెర్గు 1995 నాటి విజేతల జట్టులోనివాడు. 57 దినములకే తొలగింపబడెను. ఒడంబడిక ప్రకారము తనకు రావలసిన ఇరువదిరెండు లక్షల యేబదివేల పౌండ్లకై ఆయన 2013లో న్యాయస్థానమున కెక్కెను. మొదట ఆ బాకీని ఒప్పుకొనిన క్లబ్బు, పిమ్మట ఆ యొప్పుకోలును వెనుకకు తీసికొనజూచి, అట్టి ఒడంబడిక చేయుటకు తన మేనేజింగు డైరెక్టరునకే అధికారము లేదని వాదించెను. న్యాయమూర్తి ఆ వాదము నంగీకరింపలేదు. సొమ్ము చెల్లింపవలసి వచ్చెను. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ వాదము మిక్కిలి బోధకరముగా తోచినది. తన పేరట సంతకము చేయువానికి అధికారమున్నదో లేదో యజమానియే ఎఱుగనిచోట, ఆ సంస్థలో యాజమాన్యమున్నదనుటెట్లు? ఎస్టేటులో జమీందారు పట్టణమున నుండి, దివాను ఒకమాట, ఠాణేదారు ఒకమాట, కరణ మొకమాట చెప్పుచుండగా రైతు ఎవరి రశీదు చెల్లునో తెలియక తిరుగులాడిన దినములను మన జిల్లాల పెద్దలు మఱచియుండరు. 1948లో మదరాసు శాసనసభ ఎస్టేటులను రద్దుచేసినది పన్నుల భారముచేత మాత్రమే కాదు. పొలమున కాలుమోపని యాజమాన్యము అన్యాయమని లోకము గుర్తించుటచేత.

2017లో క్లబ్బు మూడవ శ్రేణికి పడిపోయెను. ప్రీమియరు లీగును గెలిచిన క్లబ్బులలో అట్లు పడిపోయినది ఇదియే మొదటిది. మఱుసటి యేడే టోనీ మౌబ్రే నేర్పుచే రెండవ శ్రేణికి తిరిగి యెక్కినది.

కొన్నవారి పక్షమున చెప్పవలసినదియు గలదు. చెప్పకుండుట న్యాయము గాదు. వారు క్లబ్బును దోచుకొనలేదు. కొందఱు యజమానులు క్లబ్బుమీదనే అప్పుతెచ్చి ఆ క్లబ్బును కొనిరి. పూనావారు అట్లు చేయక, ఏండ్ల తరబడి స్వంత ధనమును వడ్డీలేక పోసిరి. ఆ మొత్తము ఇరువది కోట్ల పౌండ్లను మించినదని లెక్క. 2023, 2024 సంవత్సరములలో విదేశములకు ధనము పంపుటకు ఢిల్లీ హైకోర్టు అనుమతి పొందవలసి వచ్చినను, అనుమతిని తెచ్చుకొని పంపిరి. ఆ వ్యాజ్యపు మంచిచెడ్డలను గూర్చి మేమేమియు చెప్పము. వారు పోసిన ధనము లేకున్న క్లబ్బు మూతబడియుండునేమో యని అభిమానులలో కొంద ఱొప్పుకొందురు. 2019లో అదే లాంకషైరుకు చేరువనున్న బెరీ క్లబ్బు, 1885లో పుట్టిన సంఘము, ధనము లేక లీగునుండి వెడలగొట్టబడిన సంగతి వారెఱుగనిది కాదు.

కాని ధనమిచ్చుట వేఱు, జవాబు చెప్పుట వేఱు. ఊరివారు కోరినది రెండవది. ఉత్తరము వ్రాసిన ప్రత్యుత్తరము లేదు. అడిగిన దర్శనము లేదు. మైదానమునకు రాకపోకలు లేవని వారి మొఱ. వేలకొలది మైళ్ల దూరమున కూర్చుండి మన మంచి మన కన్న తమకే తెలియునని తలంచినవారి పాలనను మనము సుమారు రెండువందల యేండ్లు చవిచూచితిమి. రైళ్లు వేసితిమి, కాలువలు త్రవ్వితిమి, ఇంకేమి కావలెనని వారు మనలను అడుగుచుండిరి. మా మాట వినవలెనని మనము చెప్పుచుంటిమి. నేడు అదే మాటను బ్లాక్‌బర్న్ కార్మికుని మనుమడు పూనావైపు తిరిగి పలుకుచుండగా, లాంకషైరునకు తగిన శాస్తియైనదని మనలో నెవరైన సంతసించినచో, వారు 1931లో డార్వెనుకు పోయిన మహాత్ముని యాత్రను అర్థము చేసికొనలేదనియే మా యభిప్రాయము.

ఇంకొక మాట. వాసుదేవరావుగారు 1982లో జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘమునకు కారకులైరి. గ్రుడ్డు వెలను దళారి కాక, కోళ్లను పెంచు రైతే నిర్ణయించుకొనవలెననునది దాని మూలసూత్రము. వేలకొలది చిన్నరైతులు, అందు మన తెలుగు రైతులనేకులు, ఆ సూత్రమువలన దళారుల బారినుండి తప్పించుకొనిరి. శ్రమపడువానికి తన వస్తువు విషయమున మాటచెల్లవలెనని తండ్రి చాటెను. ప్రతి శనివారము టిక్కెట్టు కొని, వానలో నిలిచి, తండ్రి తరువాత కొడుకుగా ఆ క్లబ్బును మోసినవారికిని ఆ న్యాయమే వర్తింపజేయుడని ఆయన సంతతిని మేము గౌరవపూర్వకముగా కోరుచున్నాము. అది వారి కుటుంబ సంప్రదాయమునకు శోభ నిచ్చునే గాని తక్కువ చేయదు.

అభిమానులకును ఒక హితవు గలదు. గెలుచునపుడు లెక్క అడుగువారుండరు. 1995లో వాకరు తరువాత ఎవరని అడిగినవారెందఱు? ఒక్క దాత దయపై నిలిచిన ఇల్లు దాతతోనే కదలును. పూర్వపు యజమాని విగ్రహమునకు పూలదండ వేయుట సులభము. ఆయన ఉండగనే ఊరికొక వాటా, పాలకసంఘమున నొక స్థానము వ్రాయించుకొనుట కష్టము. కష్టమైనను సాధ్యమే. అదే ఇంగ్లాండులో పోర్ట్స్‌మత్ క్లబ్బు ఒక్క క్రీడాకాలములో నలుగురు యజమానుల చేతులు మాఱి, 2010లో దివాలా దశకు చేరి, నాల్గవ శ్రేణికి దిగజారెను. 2013లో అభిమానులు తలకు వేయి పౌండ్లు వేసికొని దానిని కొనిరి, అప్పులు తీర్చిరి, 2017లో నాల్గవ శ్రేణి విజేతలైరి. ఆ యేటనే వారు ఓటువేసి, తమ యిష్టముతో, దానిని ఒక అమెరికా ధనికునకు విక్రయించిరి. విక్రయమే యైనను అది అడిగి చేసిన విక్రయము. జర్మనీదేశమున, రెండుమూడు క్లబ్బులు తప్ప, ఓట్లలో సగముకంటె నొకటి యెక్కువ సభ్యులకే యుండవలెనని 1998 నుండి నియమము గలదు.

చట్టమును ఇప్పుడిప్పుడే మేల్కొనినది. 2025 జూలైలో ఇంగ్లాండున ఫుట్‌బాలు పరిపాలనా చట్టము వచ్చి, స్వతంత్ర నియంత్రణాధికారి ఏర్పడెను. యజమానుల యోగ్యతను పరీక్షించుట, అభిమానులతో సంప్రదింపుమని క్లబ్బులను నిర్బంధించుట, మైదానము నమ్మివేయకుండ కాచుట ఆ యధికారి విధులలోనివి. సొత్తు నీదే, ఐనను నీవొక్కనిది కాదని ఒక పార్లమెంటు శాసనరూపమున చెప్పుట గమనింపదగినది. మహాత్ముడు ధనికులు ధర్మకర్తలవలె నుండవలెనని బోధించెను; బోధకు లొంగనివారికొఱకు చట్టము కావలసి వచ్చినది.

మన యింటి సంగతి యేమి? 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచిన హైదరాబాదు నగర పోలీసు జట్టు మనది. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్కులలో భారతజట్టును నాల్గవ స్థానమున నిలిపిన రహీముగారు మనవారు. అట్టి నగరమున 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు వెలసెను. అదియు పూనా క్లబ్బొకటి మూతబడగా ఆ స్థానమున వచ్చినదే. 2022 మార్చిలో గోవాయందు దేశపు లీగు కప్పును గెలిచెను. రెండేండ్లు తిరుగకముందే ఆటగాండ్ర జీతములు నిలిచిపోయినవి. యాజమాన్యము చేతులు మాఱినది. 2025లో ఆ క్లబ్బు పేరును మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. బ్లాక్‌బర్నువారికి క్లబ్బైనను మిగిలినది. మనవారికి పాత చొక్కాలు మిగిలినవి. హైదరాబాదులో నెవరిని అడిగిరి? ఎవరు అడుగుడనిరి?

క్లబ్బుగాని, గ్రంథాలయముగాని, సహకార సంఘముగాని, పదిమంది కూడి పెంచిన ప్రతి సంస్థకును ఈ పాఠము వర్తించును. పూర్వపు యజమాని మంచివాడా, ఇప్పటివాడు చెడ్డవాడా యను విచారణ కొంతవఱకే ప్రయోజనకారి. మంచివాడు చచ్చిపోవును, చెడ్డవాడు అమ్మివేయును; ఊరు మాత్రము ఉండును. కావున ఊరి హక్కును మంచివాడు బ్రతికియున్నపుడే, సంస్థ కలిమిలో నున్నపుడే, పత్రముమీద వ్రాయించుకొనవలెను. ఈ సంవత్సరము మీ యూరి గ్రంథాలయ సంఘపు సర్వసభ్యసమావేశమునకు పోయి, దాని నిబంధనావళిని ఒకసారి చదువుడు. అమ్ముటకు, తరలించుటకు, పేరు మార్చుటకు ఎవరి సమ్మతి కావలెనని అందు వ్రాసియున్నదో చూడుడు. వ్రాసియుండనిచో, ఆ దినముననే తీర్మానమును ప్రతిపాదింపుడు.